స్టెరిలైజర్ కొన్నా ఆగని విరేచనాలు: మూడున్నర నెలల బాబు కేసు

మే నెల రెండో వారం. కాలువలు కట్టేసి అప్పటికి చాలా రోజులైంది. గోదావరి డెల్టాలో పిల్లల డాక్టరుకి ఈ ఒక్క మాట చాలు. కాలువకి నీళ్ళు రావు, మంచినీటి చెరువులో ముందే నింపిపెట్టుకున్న నీళ్ళే కుళాయిలకి వస్తాయి, మట్టం తగ్గేకొద్దీ రంగూ వాసనా మారతాయి. నా ఓపీలో విరేచనాల కేసులు పెరుగుతాయి.

ఆ రోజు వచ్చిన బాబు వయసు మూడు నెలల ఇరవై రోజులు. ఆరు వారాల్లో ఇది మూడోసారి. ముందు రోజు ఉదయం నుంచి పది పన్నెండు నీళ్ళ విరేచనాలు, రెండు వాంతులు. జ్వరం లేదు, రక్తం పడలేదు. వాళ్ళమ్మ కుర్చీలో కూర్చోకముందే అంది, "పాలసీసాలు రోజుకి రెండుసార్లు స్టెరిలైజ్ చేస్తున్నాం డాక్టర్ గారూ. అయినా ఎందుకిలా అవుతోంది?" ఆ వెంటనే ఇంకో మాట. "డాలస్‌లో మా అక్క వాళ్ళు అసలు స్టెరిలైజే చెయ్యరట. వాళ్ళ పిల్లలు బాగానే ఉన్నారు. ఇంతకీ ఇది అవసరమా, కాదా?"

ఈ ప్రశ్నకి ఇన్నేళ్ళూ "అవసరమేనమ్మా, మరిగించండి" అని ఒక్క ముక్కలో చెప్పి పంపించేదాన్ని. ఈ కేసు తర్వాత అలా పంపించడం మానేశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. కుటుంబాన్ని అడిగే రాస్తున్నాను, వాళ్ళని గుర్తుపట్టగలిగే వివరాలు మార్చాను.

వచ్చినప్పుడు ఎలా ఉన్నాడంటే

నెలలు నిండి పుట్టాడు, పుట్టినప్పుడు బరువు 2.8 కిలోలు. ఆ రోజు 5.0 కిలోలు. ఈ వయసు మగపిల్లాడికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులో మధ్య గీత ఆరున్నర కిలోలు దాటి ఉంటుంది. విరేచనాలకి ఒంట్లో నీరు పోయిందని ఓ రెండు వందల గ్రాములు కలుపుకున్నా మనవాడు అట్టడుగు గీత కిందే ఉన్నాడు. మాడు కొద్దిగా లోపలికి పోయింది. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే నెమ్మదిగా సర్దుకుంటోంది. చిరాగ్గా ఏడుస్తున్నాడు, చెంచా పెడితే ఆత్రంగా తాగుతున్నాడు. అంటే డీహైడ్రేషన్ ఉంది కానీ సెలైన్ ఎక్కించాల్సినంత కాదు. రోటావైరస్ చుక్కలు 6, 10, 14 వారాలకి మూడూ పడ్డాయి. కార్డు చూశాను.

వాళ్ళమ్మ ఒక బట్టల షాపులో బిల్లింగ్ దగ్గర పనిచేస్తుంది. పదిమంది లోపు పనిచేసే షాపు, కాబట్టి 26 వారాల ప్రసూతి సెలవు చట్టం ఆ గుమ్మం దాకా రాదు. పెళ్ళిళ్ళ సీజను అని రెండు నెలలకే రమ్మన్నారు. అప్పటిదాకా బాబుకి చనుబాలు తప్ప ఇంకేమీ లేవు, ఒంట్లో ఏ నలతా లేదు. ఆమె పనిలో చేరినప్పటి నుంచి పగలు మూడుసార్లు డబ్బా పాలు, 150 మిల్లీలీటర్ల చొప్పున, సీసాతో. పట్టేది అమ్మమ్మ. ఉదయం, సాయంత్రం, రాత్రి తల్లిపాలు. సీసా మొదలైన వారం పది రోజులకి మొదటి విరేచనాలు. ఈ తేదీలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఎవరికైనా అనుమానం రావాలి. నాకు రెండుసార్లు రాలేదు.

నా తప్పు

మొదటిసారి వచ్చినప్పుడు ఓఆర్‌ఎస్, జింక్ రాశాను. "సీసా మరిగిస్తున్నారా?" అని అడిగాను. "మరిగిస్తున్నాం" అన్నారు. సరే అన్నాను. ఆ ప్రశ్నకి కాదు అనే తల్లిని నేనింతవరకూ చూడలేదు. "రోజూ స్నానం చేస్తారా?" అని అడగడం లాంటిది అది.

నా ప్రశ్నకి భయపడి వాళ్ళు ఆ వారమే మూడు వేలు పెట్టి కరెంటు స్టెరిలైజర్ కొన్నారు. ఫోన్లో ఏదో వీడియో చూసి. మన దేశంలో 1992 చట్టం ప్రకారం పాలసీసాలకీ పాలపొడికీ ప్రకటనలు ఇవ్వకూడదు. స్టెరిలైజర్‌కి మాత్రం ఆ అడ్డు లేదు. సీసాని చూపించకూడదు కానీ సీసాని ఆవిరి పట్టే గిన్నెని ఎంత అందంగానైనా చూపించవచ్చు.

రెండోసారి వచ్చినప్పుడు ఇంకాస్త పెద్ద తప్పు చేశాను. పరీక్ష ఏదీ చేయించకుండా, "ఈ పాలు పడటం లేదేమో" అని లాక్టోజ్ (పాలలో సహజంగా ఉండే చక్కెర) లేని పాలపొడి రాశాను. దాని ధర పాత డబ్బాకి దాదాపు రెట్టింపు. దాని ఫలితం ఏమైందో కాసేపట్లో చెబుతాను.

మూడోసారికి నాకు బుద్ధొచ్చింది. బాబుని అబ్జర్వేషన్‌లో ఉంచి, కిలోకి 75 మిల్లీలీటర్ల లెక్కన నాలుగు గంటల్లో 375 మిల్లీలీటర్ల ఓఆర్‌ఎస్ చెంచాతో పట్టమన్నాను, మధ్య మధ్య తల్లిపాలు ఆపొద్దన్నాను. ఈ నాలుగు గంటలు మాకు కలిసొచ్చాయి. వాళ్ళ నాన్నని ఇంటికి పంపాను. "సీసాలు, నిప్పుల్స్, పాలడబ్బా, అందులో చెంచా, ఫ్లాస్కు, కడిగే బ్రష్షు, ఆ స్టెరిలైజర్ అన్నీ ఒక సంచిలో వేసుకుని రండి. దారిలో ఏదీ కడగొద్దు, ఎలా ఉన్నవి అలాగే తీసుకురండి."

సంచి

బ్రష్షు రాలేదు. ఎందుకంటే ఇంట్లో లేదు.

రెండు సీసాలు వచ్చాయి, రెండూ తళతళలాడుతున్నాయి. స్టెరిలైజర్ లోపల నీటి మరకలు తప్ప మురికి లేదు. చూస్తే ఇంత శుభ్రంగా ఉంచుకునే ఇల్లు మా ఊళ్ళో తక్కువ అనిపిస్తుంది. అప్పుడు ఒక సీసా మూత తిప్పి, ఆ ప్లాస్టిక్ రింగు లోంచి నిప్పుల్‌ని బయటికి లాగాను. గట్టిగా బిగుసుకుపోయి ఉంది, రెండు మూడుసార్లు లాగితే గానీ రాలేదు. రింగు లోపలి అంచు చుట్టూ పసుపుపచ్చని పొర. గోటితో గీకితే మైనంలా వచ్చింది. వాసన చూడమని వాళ్ళమ్మకి ఇచ్చాను. ఆమె మొహం తిప్పేసుకుంది. పులిసిన పాల వాసన.

ఆరు వారాలుగా ఆ రింగు లోంచి ఆ నిప్పుల్ ఒక్కసారి కూడా బయటికి రాలేదు. అది ఊడి వస్తుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. వాళ్ళని తప్పు పట్టడానికేమీ లేదు, ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆ తర్వాత పగలు సీసా పట్టే మామ్మగారిని మా క్లినిక్ వెనక సింకు దగ్గరికి తీసుకెళ్ళి, "రోజూ ఎలా చేస్తారో అలాగే చేసి చూపించండి మామ్మగారూ, నేనేమీ అనను" అన్నాను. ఆవిడ చాలా పద్ధతిగా చేసి చూపించారు. సీసాలో నీళ్ళు పోసి, నిప్పుల్ బిగించి, గలగలా ఊపి, పారబోశారు. ఇలా మూడుసార్లు. సబ్బు వాడలేదు. "పసివాడి సీసా కదా, సబ్బు వాసన ఉండిపోతుందని" అన్నారు. తర్వాత స్టెరిలైజర్‌లో పెట్టి స్విచ్ వేశారు. ఆవిరి ఆగాక సీసా బయటికి తీసి, కాలుతోందని, పైగా ప్లాస్టిక్ వాసనేదో వస్తోందని, కుళాయి కింద పెట్టి మళ్ళీ తొలిచారు.

నేను ఏమీ అనను అన్న మాట నిలబెట్టుకోవడం అప్పుడు కొంచెం కష్టమైంది.

ఇంట్లో ఆ కుళాయికి వచ్చేది డాబా మీది ట్యాంకు నీళ్ళు. అంటే ఏ నీళ్ళకి భయపడి మూడు వేల యంత్రం కొన్నారో, ఆ నీళ్ళే ఆఖరి నిమిషంలో సీసాలోకి మళ్ళీ వచ్చి చేరుతున్నాయి.

పాలు కలపడం కూడా చూపించమన్నాను. నీళ్ళు ఇరవై లీటర్ల మినరల్ వాటర్ టిన్ను నుంచి. ఉదయం కొంచెం కాచి ఫ్లాస్కులో పోస్తారు. మధ్యాహ్నానికి అది మరీ వేడిగా లేకపోతే అలాగే, వేడిగా ఉంటే టిన్ను నీళ్ళు సగం కలిపి గోరువెచ్చగా చేసుకుంటారు. 150 నీళ్ళకి చెంచాలు ఎన్ని? ఐదు వెయ్యాలి. మామ్మగారు మూడు వేశారు.

ఇది నేను ఊహించలేదు. "మూడేనా?" అన్నాను, మాట తప్పి. "చిక్కగా ఉంటే అరగవమ్మా, అసలే విరేచనాలు. మొదట్లో నాలుగు వేసేదాన్ని. ఈ కొత్త డబ్బా ఖరీదు కూడా..." అని ఆపేశారు. కూతురు వైపు చూశారు. కొత్త డబ్బా రాసింది నేను.

పాలడబ్బా ఎన్ని రోజులొస్తోందని నేను మొదటి రోజే అడిగి ఉంటే ఈ సంగతి సింకు దాకా వెళ్ళకుండానే తెలిసేది. ఆ డబ్బాలో చెంచాకి నాలుగున్నర గ్రాములు పడుతుంది. రోజుకి మూడు పూటలు, పూటకి ఐదు చెంచాలంటే 67 గ్రాములు దాటాలి. 400 గ్రాముల డబ్బా ఆరు రోజులకి అయిపోవాలి. వాళ్ళింట్లో పది రోజులొస్తోంది. బరువు పెరగకపోవడానికి విరేచనాలతో పాటు ఇదీ ఒక కారణం. ఈ లెక్క ఇప్పుడు డబ్బా పాలు తాగే ప్రతి బిడ్డకీ వేస్తున్నాను, అర నిమిషం పని.

చివరగా, తాగగా మిగిలిన పాలు ఏం చేస్తారని అడిగాను. బాబు 90 తాగి ఆపేస్తే మిగతా 60 మూత పెట్టి పక్కన ఉంచి, ఏడిస్తే మళ్ళీ పడతారు. గంటకి గానీ, రెండు మూడు గంటలకి గానీ. మే నెల మధ్యాహ్నం. పారబోయడానికి మామ్మగారికి మనసొప్పదు. ఆ ధరకి నాకూ ఒప్పదు.

స్టెరిలైజర్ ఏం చేసింది, ఏం చేయలేదు

యంత్రం తన పని తాను సరిగ్గానే చేసింది. దాని ముందు జరగాల్సింది జరగలేదు, దాని తర్వాత జరగకూడనిది జరిగింది.

పాలలో కొవ్వు, ప్రొటీన్ ఉంటాయి. కడగకుండా ఆవిరి పెడితే ఆ ప్రొటీన్ గట్టిపడి ప్లాస్టిక్‌కి అతుక్కుపోతుంది. మాడిన పాలగిన్నె తోమినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పొర మీద పొర పేరుకుంటే లోపలి పొరల్లోని సూక్ష్మజీవులకి అదే గొడుగు. అందుకే కడగడం ముందు, మరిగించడం తర్వాత. కడగడం మానేసి మరిగించడం కంటే, మరిగించడం మానేసి బాగా కడగడమే నయమని కూడా నాకు అనిపిస్తుంది, ఏదో ఒకటే చేయగలిగితే.

సీసాల చరిత్రలో ఇదే పాఠం ఒకసారి చాలా ఖరీదుగా వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్‌లో పొడవాటి రబ్బరు గొట్టం ఉన్న పాలసీసాలు వచ్చాయి. సీసా పక్కన పెట్టేస్తే గొట్టం చీకుతూ బిడ్డ తనే తాగేస్తాడు, తల్లికి పని తగ్గుతుంది. ఆ గొట్టం లోపల కడగడానికి మాత్రం దారి లేదు. ఎంతమంది పిల్లలు పోయారంటే ఇంగ్లండులో వాటికి హంతక సీసాలని పేరు పడింది. ఫ్రాన్స్ 1910లో ఏకంగా చట్టం చేసి నిషేధించింది. మన నిప్పుల్ రింగు ఆ గొట్టానికి చిన్న చెల్లెలు.

ఇక పాలపొడి. డబ్బా సీలు తీయలేదన్నంత మాత్రాన అందులో పొడి స్టెరైల్ కాదు, ఎంత మంచి కంపెనీదైనా. పొడి పాలలో అరుదుగా క్రోనోబాక్టర్ అనే బ్యాక్టీరియా ఉండొచ్చు, పుట్టిన కొత్తలో పిల్లలకి, నెలలు నిండని పిల్లలకి అది మెదడు దాకా పోగలదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పొడి కలిపే నీళ్ళు 70 డిగ్రీలకి తగ్గకూడదని స్పష్టంగా ఉంది. ఆ వేడికి పొడిలో ఉన్నవి చస్తాయి. తర్వాత గిన్నెని చన్నీళ్ళలో ఉంచి చల్లార్చి పట్టాలి. కలిపిన రెండు గంటల్లోపు వాడెయ్యాలి. మన దగ్గర దొరికే చాలా డబ్బాల మీద మాత్రం "కాచి చల్లార్చిన గోరువెచ్చని నీళ్ళు" అనే ఉంటుంది. తల్లి డబ్బా మీది మాట నమ్ముతుంది, నమ్మాలి కూడా. కొన్ని పొడుల్లో మేలు చేసే బ్యాక్టీరియా కలుపుతారు, 70 డిగ్రీలకి అవీ పోతాయి. పోనివ్వండి అంటాను నేను, మూడు నెలల బిడ్డ విషయంలో.

ఫ్లాస్కులో వేడినీళ్ళు చల్లబడ్డాక వాటికి టిన్ను నీళ్ళు కలిపితే 70 డిగ్రీల మాటే ఉండదు. మిగిలిపోయిన పాల సంగతి ఇంకా తేలిక లెక్క. అనుకూలమైన వేడిలో ఈకోలై లాంటి బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెట్టింపు కాగలదు. మూడు గంటల్లో తొమ్మిది రెట్టింపులు. ఒకటి 512 అవుతుంది. స్టెరిలైజ్ చేసిన సీసాలో అయినా ఇదే లెక్క, ఎందుకంటే బిడ్డ నోటి నుంచే కొన్ని లోపలికి పోతాయి.

డాలస్ పెద్దమ్మ మాట

ఆ సాయంత్రం వాళ్ళక్క వీడియో కాల్‌లో నాతో కూడా మాట్లాడింది. మర్యాదగానే అడిగింది. "మా పీడియాట్రీషియన్ రెండు నెలలు దాటాక రోజూ అక్కర్లేదన్నారండీ. మీరెందుకు భయపెడుతున్నారు?"

ఆమె చెప్పింది నిజమే. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ సలహా ప్రకారం రోజూ శానిటైజ్ చెయ్యమన్నది ముఖ్యంగా రెండు నెలల లోపు పిల్లలకి, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకి, రోగనిరోధక శక్తి తక్కువ ఉన్నవాళ్ళకి. ఆ వయసు దాటిన ఆరోగ్యవంతులకి ప్రతిసారీ బాగా కడగడం చాలు. వేడినీళ్ళతో కడిగి వేడిగాలితో ఆరబెట్టే డిష్‌వాషర్ ఉంటే వేరే శానిటైజ్ చేసే పని కూడా లేదు. అదే ఇంగ్లండులో ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ ఏడాది నిండేదాకా ప్రతిసారీ స్టెరిలైజ్ చెయ్యమంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కడిగి, స్టెరిలైజ్ చేసే వాడమంటుంది. లండన్‌లో కుళాయి నీళ్ళు మురికివా? కాదు. ఎవరికి ఎంత జాగ్రత్త కావాలనిపించిందో అంత రాసుకున్నారు.

కానీ ఆ సలహాలన్నీ ఒక ఇల్లు ఊహించుకుని రాసినవి. డాలస్ ఇంట్లో డిష్‌వాషర్ సీసాని విడదీసి పెడితేనే కడుగుతుంది, సబ్బుతో కడుగుతుంది, కడిగాక ఎవరూ ట్యాంకు నీళ్ళతో తొలవరు, ఇల్లంతా ఏసీ. ఆమె స్టెరిలైజ్ చెయ్యడం లేదనుకుంటోంది గానీ ఆ యంత్రం చేసే పనిలో సగం అదే. ఇక్కడ చెల్లెలు స్టెరిలైజ్ చేస్తున్నాననుకుంటోంది గానీ ఆ పనిని మిగతావన్నీ కలిసి కొట్టేస్తున్నాయి. ఈ మాటే ఆమెకి చెప్పాను. కాసేపు ఊరుకుని, "అయితే మా ఇంట్లో రొమ్ముపాలు తీసే పంపు? దాన్ని నేను నీళ్ళతో తొలిపి పెట్టేస్తాను" అంది. ఆ పంపుకీ ఇదే కథ. 2016లో పెన్సిల్వేనియాలో నెలలు నిండని ఒక బిడ్డకి క్రోనోబాక్టర్ సోకితే, వెతగ్గా వెతగ్గా అది పంపు పరికరాల్లో బయటపడింది. పంపుల శుభ్రత మీద సీడీసీ ప్రత్యేకంగా సూచనలు ఇచ్చింది ఆ తర్వాతే. తల్లిపాలైనా సరే, దారి మురికైతే ఒకటే.

ఏం మార్చాం

సీసా మానిపించాను. ఈ నిర్ణయానికి మామ్మగారు అభ్యంతరం చెబుతారనుకున్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. "నేను మొదట్నుంచీ అదే అంటున్నా, ఉగ్గుగిన్నెతో పడదామని. మా పిల్లలందరినీ దాంతోనే పెంచా. వీళ్ళే పాతకాలం అన్నారు." బీరువాలో వెండి ఉగ్గుగిన్నె ఉందట, బారసాలకి ఇద్దామని దాచారు. వెండిది దాచుకోండి, స్టీలువి మూడు కొనండి అన్నాను.

మూడు ఎందుకంటే, పగలు పట్టేది మూడు పూటలు. ఉదయం ఒక్కసారే మూడు గిన్నెలూ, చిన్న చెంచాలూ సబ్బుతో తోమి, వెడల్పాటి గిన్నెలో పూర్తిగా మునిగేలా నీళ్ళు పోసి, తెర్లడం మొదలయ్యాక పది నిమిషాలు ఉంచి, నీళ్ళు వంపేసి అలాగే మూత పెట్టెయ్యాలి. తుడవకూడదు, తొలవకూడదు. పూటకి ఒకటి తీసి వాడాలి. ఈ పని తల్లి షాపుకి వెళ్ళేలోపు అయిపోతుంది. ప్రతి పూటా మరిగించాలంటే నాలుగో రోజు నుంచి ఎవరూ చెయ్యరు. నేనైనా చెయ్యను. ఉగ్గుగిన్నెకి మూలలు లేవు, రింగు లేదు, ఏది మురికో కంటికి కనిపిస్తుంది. నాకు దాని మీద ఉన్న ఇష్టానికి కారణం సంప్రదాయం కాదు, ఇదే.

పాలపొడి మళ్ళీ పాత మామూలు డబ్బాకే మార్చాను, లాక్టోజ్ లేనిది అక్కర్లేదని చెప్పి, క్షమించమని కూడా అడిగాను. పూటకి 150 బదులు 120 నీళ్ళు, నాలుగు చెంచాలు, గీసి సమం చేసి. చాలకపోతే మళ్ళీ కలపండి. మిగిలితే కాఫీలో పోసుకోండి గానీ బాబుకి పట్టొద్దు. నీళ్ళు ప్రతి పూటా లీటరు కాచాలి, పొయ్యి మీంచి దించిన అరగంట లోపు పొడి కలపాలి. లీటరు ఎందుకంటే కొంచెమే కాస్తే త్వరగా చల్లారిపోతుంది, లీటరైతే అరగంట దాకా ఆ వేడి నిలుస్తుంది. చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టాలి. మిగిలిన కాచిన నీళ్ళు ఇంట్లోవాళ్ళు తాగొచ్చు.

వాళ్ళమ్మకి చేత్తో పాలు పిండి తీయడం మా నర్సు నేర్పింది. షాపుకి వెళ్ళేముందు స్టీలు గిన్నెలోకి ఒక పూటకి సరిపడా తీసి, ఫ్రిజ్‌లో పెట్టి వెళితే మూడు పూటల్లో ఒక పూట డబ్బా పాలు తప్పుతాయి. మొదటి మూడు రోజులు 30 మిల్లీలీటర్ల కంటే రాలేదు. ఏడ్చింది. వారం తిరిగేసరికి 80 వచ్చాయి. ఈ సాధన గురించి చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది కానీ ఇక్కడ కాదు.

జింక్ రోజుకి 10 మిల్లీగ్రాములు, 14 రోజులు. యాంటీబయాటిక్ రాయలేదు. గ్రైప్ వాటర్, వసకొమ్ము అరగదీసి నాకించడం ఆపమన్నాను. వసకొమ్ము సంగతి మామ్మగారు ముందు చెప్పలేదు, మూడోసారి అడిగితే బయటపడింది. ఆ రాయి ఏ నీళ్ళతో కడుగుతున్నారో అడిగే ఓపిక ఆ రోజుకి నాకు లేదు.

తర్వాత

నాలుగు గంటల ఓఆర్‌ఎస్ అయ్యేసరికి బాబు రెండుసార్లు ఉచ్చ పోశాడు, మాడు సర్దుకుంది. సాయంత్రం ఇంటికి పంపాను. విరేచనాలు నాలుగో రోజుకి తగ్గాయి. వారం తర్వాత 5.3 కిలోలు, అందులో కొంత తిరిగొచ్చిన నీరే. నెల తిరిగేసరికి 6.2. చెంచాలు నాలుగుకి నాలుగూ పడితే పిల్లాడి బరువు ఎలా లేస్తుందో మామ్మగారు తన కళ్ళతో చూశారు, ఆ తర్వాత నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

మధ్యలో ఒకసారి టెన్షన్ పడుతూ ఫోన్ చేశారు, మళ్ళీ రెండు పల్చటి విరేచనాలని. ఏం మారిందని అడిగితే చాలాసేపటికి తేలింది. మరిగించిన గిన్నెకి తడి ఉందని మామ్మగారు చీర కొంగుతో తుడుస్తున్నారు. అలవాటు. ఆవిడ చేతికి అడ్డం పడటం ఎవరి తరమూ కాదు. ఆ రెండు విరేచనాలూ కొంగు వల్లే అని నేను అనను, పాలు తాగే పిల్లలకి మామూలుగానే అలా అవుతుంటుంది.

అసలు ఈ కేసు మొత్తానికీ ఆ మాట వర్తిస్తుంది. నేను మలం కల్చర్ పంపలేదు, ఆ పసుపు పొరని ల్యాబ్‌కి పంపలేదు. ఒకేసారి ఐదారు మార్చాను. జూన్‌లో కాలువలకి నీళ్ళు వదిలారు, కుళాయి నీళ్ళు కూడా బాగుపడ్డాయి. ఏది పని చేసిందో విడదీసి చెప్పమంటే చెప్పలేను. పందెం కట్టమంటే మాత్రం రింగు లోపలి పొర మీదా, మిగిలిపోయిన పాల మీదా కడతాను.

తొమ్మిదో నెల టీకాకి వచ్చినప్పుడు బాబు 8.1 కిలోలు. నా టేబుల్ కాళ్ళు పట్టుకుని లేచి నిలబడ్డాడు, వాళ్ళ నాన్న చెప్పు తీసి నోట్లో పెట్టుకోబోయాడు. వాళ్ళమ్మ నవ్వుతూ అడిగింది, "నేలంతా నాకేస్తున్నాడు, ఇంకా గిన్నెలు మరిగించడం దేనికండీ?" చాలామంది అడిగే ప్రశ్నే. నేల మీది క్రిములు నోట్లోకి వెళ్ళేవి కొన్నే. పాల జిడ్డులో కూర్చుంటే అవే లక్షలవుతాయి, అదీ తేడా. కానీ వీడు ఇప్పుడు సీసా తాగడం లేదు, పగలు మెత్తటి అన్నం పప్పు, గ్లాసుతో నీళ్ళు, రాత్రి తల్లిపాలు. ఇక మరిగించక్కర్లేదు, సబ్బుతో తోమి ఎండలో ఆరబెట్టండి చాలు అన్నాను. తాగే నీళ్ళు మాత్రం కాచినవే.

స్టెరిలైజర్ అటక మీద ఉందట.

ఇప్పుడు నా దగ్గరికి డబ్బా పాల బిడ్డ విరేచనాలతో వస్తే, "మరిగిస్తున్నారా?" అని అడగడం మానేశాను. సంచి తెమ్మంటున్నాను. మొన్న వచ్చిన సంచిలో సీసా, రింగు, బ్రష్షు అన్నీ శుభ్రంగా ఉన్నాయి. నిప్పుల్ రంధ్రం మాత్రం సూదితో కాల్చి పెద్దది చేశారు, బిడ్డ త్వరగా తాగేస్తాడని. పాలు ధారగా పడుతుంటే పొలమారి, రెండుసార్లు నిమోనియా. అది ఇంకో కేసు.